పెళ్ళయిపోయింది, భోజనాలే మిగిలాయి

“ముహూర్తం పెట్టించాం” అన్నాడు నాన్న ఫోన్లో.

తమ్ముడికి సంబంధాలు చూస్తున్నారు కాబట్టి వాడికేననుకుని “పిల్ల ఎవరు?” అన్నాను.

“వాడికి కాదు, నీకు.”

నాకు పెళ్ళయి ఆరేళ్ళు. 2019 నవంబరులో, హైదరాబాదులో ఒక సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో, ముగ్గురు సాక్షుల ముందు సంతకం పెట్టాను. నాలుగున్నరేళ్ళ కూతురుంది. ఇద్దరి పేర్ల మీదా ఈఎంఐ కడుతున్న ఫ్లాటుంది. అయినా మా నాన్న లెక్కలో నేనింకా పెళ్ళి కావలసిన పిల్లనే. తెనాలిలో ఫంక్షన్ హాలు మాట్లాడేశాడు. పంతులుగారు ఇద్దరి నక్షత్రాలూ చూసి దివ్యంగా కుదిరాయన్నారట. ఆరేళ్ళు కాపురం చేశాక తెలిసిన శుభవార్త.

నాన్నకి ఫోన్లో సరిగ్గా చెప్పలేకపోయినవి ఇక్కడ రాస్తున్నాను. ఆయన ఇలాంటివి చదవడు. చదివేవాళ్ళలో మాత్రం నాలాంటి వాళ్ళు ఉంటారని తెలుసు. ఆఫీసులో పెళ్ళి చేసుకుని, ఏళ్ళ తర్వాత పెద్దవాళ్ళు చల్లబడ్డాక “ఇప్పుడైనా అసలు పెళ్ళి చేద్దాం” అనే మాట విన్నవాళ్ళు. ఆ “అసలు” అనే మాటతోనే నా తగువు. వేడుకతో కాదు. వేడుక నాకూ కావాలి. ఎందుకు కావాలో తర్వాత చెప్తాను.

ముందు అసలు పెళ్ళి ఏదో తేల్చుకుందాం.

మాది 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద జరిగిన పెళ్ళి. ఈ చట్టంలో కాగితం పెళ్ళికి రుజువు మాత్రమే కాదు, ఆ గదిలో జరిగేదే పెళ్ళి. ఇద్దరూ ఒకరికొకరు “నిన్ను చట్టప్రకారం భర్తగా, భార్యగా స్వీకరిస్తున్నాను” అని, అధికారి ముందూ ముగ్గురు సాక్షుల ముందూ, తమకి అర్థమయ్యే భాషలో పైకి అనాలి. మేం తెలుగులో అన్నాం. నాది తెనాలి తెలుగు, అతనిది జనగామ తెలుగు. అతను సగంలో ఆగి గుటక మింగి మళ్ళీ మొదలుపెట్టాడు. నాకు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది. ఇది పెళ్ళి కాకపోతే పెళ్ళంటే ఏమిటో నాకు తెలీదు.

మా పిన్ని కొడుకు ఈ మధ్య ఫ్యామిలీ గ్రూపులో ఒక వార్త పెట్టాడు. “చూశారా, రిజిస్టరు పెళ్ళి చెల్లదని సుప్రీంకోర్టే చెప్పింది.” కింద అందరూ దణ్ణాల బొమ్మలు. అది 2024 ఏప్రిల్‌లో వచ్చిన తీర్పు. ఇద్దరు పైలట్లు ముందు సర్టిఫికెట్టు తెచ్చుకుని, పెళ్ళి తర్వాత చేసుకుందామనుకున్నారు. ఈలోగా గొడవలొచ్చాయి. కోర్టు వాళ్ళది పెళ్ళే కాదంది. నిజమే. కానీ వాళ్ళది 1955 నాటి హిందూ వివాహ చట్టం. ఆ చట్టంలో క్రతువు జరగాలి, రిజిస్ట్రేషన్ దాన్ని నమోదు చేస్తుందంతే. క్రతువే లేనప్పుడు నమోదు చెయ్యడానికి ఏమీ లేదు. మాది వేరే చట్టం, వేరే తలుపు. ఈ రెండు తలుపుల తేడా తెలియక ఎంతమంది జంటలు “మాది చెల్లదేమో” అని దడుచుకుంటుంటారో! (గుళ్ళో దండలు మార్చుకుని, ఆ ఫొటోలతో రిజిస్టరు చేయించుకున్నవాళ్ళు తమది ఏ చట్టం కిందో ఒకసారి సర్టిఫికెట్టు తీసి చూసుకోండి. ఫొటోలు జాగ్రత్త చేసుకోండి.)

ఇంకో సంగతి. మా పెళ్ళికి శుభలేఖ లేదని అమ్మ బాధ. ఉంది. ఈ చట్టం ప్రకారం పెళ్ళికి ముప్ఫై రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. దాన్ని ఆఫీసులో అందరికీ కనిపించే చోట అంటిస్తారు. శాశ్వత చిరునామా వేరే జిల్లాలో ఉంటే ఒక కాపీ అక్కడి ఆఫీసుకీ పంపి అక్కడా అంటించమంటారు. నా పేరు, అతని పేరు, వయసులు, ఉద్యోగాలు, ఇళ్ళు. చట్టం చివర ఇచ్చిన నమూనాలో కులానికి గడి లేదు, గోత్రానికి గడి లేదు. మా ఊరివైపు గోడకి ఎక్కిన నా శుభలేఖ అదే. దాన్ని ఎవరో చూశారు, నాన్నకి చెప్పారు. ఆ ముప్ఫై రోజులు నేను మూడు ఇళ్ళు మారాను. ఎవరి ఇళ్ళో రాయను. 2021లో అలహాబాద్ హైకోర్టు ఈ నోటీసు అంటించడం జంట ఇష్టానికి వదిలెయ్యాలంది గానీ, అది మాకు ఏడాది పైగా ఆలస్యం, రాష్ట్రం కూడా వేరు.

అదే చట్టంలో మరో విచిత్రం. పంతొమ్మిదో సెక్షను ప్రకారం, ఉమ్మడి కుటుంబంలోని హిందువు ఈ చట్టం కింద పెళ్ళి చేసుకుంటే ఆ కుటుంబం నుంచి వేరుపడినట్టే. 1976లో దాన్ని సవరించి, ఇద్దరూ హిందువులైతే ఇది వర్తించదన్నారు. పార్లమెంటు 1976లో వెనక్కి తీసుకున్న మాటని మా నాన్న 2019 నుంచి సొంతంగా అమలు చేశాడు.

మూడో సాక్షి కథ కూడా చెప్పాలి. రావాల్సిన స్నేహితురాలు ఆ పొద్దున ఫోనెత్తలేదు. భయపడిందని తర్వాత తెలిసింది, తప్పు పట్టను. ఆఫీసు బయట జిరాక్స్ షాపాయన, మా ఆధార్ కార్డులు కాపీలు తీస్తూ మా మాటలు విని, “నేను పెడతా పదండి” అని షట్టరు సగం దించి వచ్చాడు. సంతకం పెట్టాక మా ఇద్దరికీ, మిగతా ఇద్దరు సాక్షులకీ మిర్చి బజ్జీలూ టీ ఇప్పించాడు. డబ్బులివ్వబోతే “పెళ్ళి భోజనానికి ఎవరన్నా డబ్బులు తీసుకుంటరా” అన్నాడు. మా పెళ్ళికి ఇప్పటిదాకా పెట్టిన విందు అదొక్కటే.

ఇప్పుడు నాన్నగారి పెళ్ళి సంగతి.

శుభలేఖ నమూనా వాట్సాప్‌లో వచ్చింది. నా పేరు ముందు చి.ల.సౌ. మా తాతల దగ్గర్నుంచీ అందరి పేర్లూ ఇంటిపేర్లతో, ఊళ్ళతో సహా ఉన్నాయి. వరుడి దగ్గరికొచ్చేసరికి ఇంటిపేరు లేదు. వాళ్ళ అమ్మానాన్నల పేర్లున్నాయి, ఊరి పేరు లేదు. ఉద్యోగం మాత్రం కంపెనీ పేరుతో సహా బంగారు అక్షరాల్లో ఉంది. అతను మాదిగ కుటుంబంలో పుట్టాడు. ఆ ఇంటిపేరు, ఆ ఊరు చూస్తే తెలిసినవాళ్ళకి తెలిసిపోతుంది. అందుకని చెరిపేశారు. “డిజైన్‌లో పట్టలేదమ్మా” అన్నాడు నాన్న. మా ముత్తాత పేరు పట్టింది.

తేదీ కొత్తది. అంటే 2019 నుంచి ఇప్పటిదాకా మేం ఏం చేస్తున్నట్టు?

ఆ ప్రశ్నకి జవాబు అమ్మ ఫోన్లో, గొంతు తగ్గించి చెప్పింది. “మీరు పీటల మీద కూర్చున్నంతసేపూ పాపని పిన్ని వాళ్ళింట్లో ఉంచుదాం. ఆ రెండు గంటలే. చూసేవాళ్ళకి బాగుండదు కదా.”

అప్పటిదాకా నాకు నవ్వులాటగానే ఉంది. కన్యాదానం అంటే, ముప్ఫై మూడేళ్ళ కన్యని ఎవరు ఎవరికి దానం చేస్తారని, అప్పగింతలు ఏ ఇంటికి, బ్యాంకువాళ్ళ దగ్గర తాకట్టులో ఉన్న మా ఇంటికా అని, నేనూ మా ఆయనా రాత్రుళ్ళు నవ్వుకున్నాం. ఆ మాటతో నవ్వు ఆగిపోయింది. “అసలు పెళ్ళి” అన్నప్పుడు నకిలీ అయ్యేది ఒక కాగితం కాదు, మా పాప. రెండు గంటలు దాచాల్సిన మనిషి అవుతుంది. కొత్త తేదీ ముద్రించిన ప్రతి కార్డూ దానికంటే ముందు పుట్టిన పిల్లకి ఒక అబద్ధం నేర్పిస్తుంది.

తమ్ముడి సంబంధాల కోసం ఇదంతా అని నాకు తెలుసు. అవతలివాళ్ళు “అమ్మాయి పెళ్ళి ఎలా చేశారు?” అంటే చూపించడానికి ఒక ఆల్బమ్ కావాలి. ఇందులో నాన్న రాక్షసుడేం కాదు. మాకు పెళ్ళి చెయ్యడం ఆయనకి ప్రాయశ్చిత్తం లాంటిది కూడా. కానీ ప్రాయశ్చిత్తం ఎవరి తప్పుకి? ఆయన తలుపు వేసుకున్న తప్పుకా, నేను తలుపు తీసుకుని వెళ్ళిన తప్పుకా? ముహూర్తం పెట్టించడంలో ఉన్న జవాబు రెండోది.

సంప్రదాయం అంటారు. సరే, సంప్రదాయమే మాట్లాడదాం. మనకి పెళ్ళి తర్వాత ఎన్నో ఏళ్ళకి చేసుకునే పెళ్ళి ఒకటి ఉంది కదా! షష్టిపూర్తి. భర్తకి అరవై నిండితే మళ్ళీ పీటలు, మళ్ళీ మంగళసూత్రం, మళ్ళీ భోజనాలు. అందులో ఎవరైనా మొదటి పెళ్ళి జరగనట్టు నటిస్తారా? పిల్లల్ని పక్కింట్లో దాస్తారా? పిల్లలే దగ్గరుండి చేస్తారు. మనవలు తలంబ్రాలు ఎత్తుకుపోయి ఒకళ్ళ మీద ఒకళ్ళు చల్లుకుంటారు. అదే దాని అందం. 2022లో మా అమ్మానాన్నలకి చేశారు. నన్ను పిలవలేదు. అమ్మ మెడలో నాన్న రెండోసారి తాళి కట్టడం నేను ఆఫీసు క్యాంటీన్‌లో ఫోన్లో చూశాను. ఫొటోల్లో అమ్మ పక్కన ఒక మనిషి పట్టేంత ఖాళీ ఉందని నాకు అనిపించింది. ఉండకపోయినా ఉండొచ్చు.

భద్రాచలంలో రాములవారికి ఏటా కల్యాణం. ప్రభుత్వం పట్టువస్త్రాలు, ముత్యాల తలంబ్రాలు పంపిస్తుంది. పోయిన ఏటి పెళ్ళి చెల్లలేదు కాబట్టి ఈ ఏడు మళ్ళీ చేస్తున్నామని ఎవరూ అనరు. జరిగిపోయిన పెళ్ళిని పండగ చేసుకోవడం మనవాళ్ళకి బాగా తెలుసు. తెలిసి కూడా మాకు మాత్రం కొత్త తేదీ వేస్తున్నారంటే, సమస్య సంప్రదాయంలో లేదు.

పైగా మాది తెనాలి. త్రిపురనేని రామస్వామి చౌదరి సూతాశ్రమం కట్టుకుని ఉన్న ఊరు. పెళ్ళిమంత్రాలు జనానికి అర్థం కావాలని తెలుగులో ‘వివాహ విధి’ రాసి, తనే కూర్చుని పెళ్ళిళ్ళు చేయించిన మనిషి. మా నాన్న కుర్రతనంలో ఆయన గురించి ఉపన్యాసాలిచ్చేవాడట. ఇప్పటికీ రెండు పెగ్గులు పడితే కవిరాజు గురించి చెప్పడం మొదలుపెడతాడు. ముహూర్తానికి మాత్రం పంతులుగారి దగ్గరికే వెళ్ళాడు.

ఇక రెండో వైపు. మా స్నేహితులు.

ఫంక్షన్ మాట బయటికి రాగానే ఒకతను “నువ్వు కూడానా?” అన్నాడు. ఇంకో ఆవిడ, నాకు చాలా ఇష్టమైన మనిషి, “ఇన్నాళ్ళూ మిమ్మల్ని ఆదర్శంగా చెప్పుకున్నాం” అంది. ఆదర్శమా? మేం ఆఫీసులో పెళ్ళి చేసుకున్నది నిరాడంబరత మీద మోజుతో కాదు తల్లీ, భయంతో. నేను కట్టుకున్నది కాటన్ చీర. అది సిద్ధాంతం కాదు, హాస్టల్ పెట్టెలో ఉన్న మంచి చీర అదొక్కటే. తప్పనిసరై చేసిన పనికి తర్వాత ఎవరో వచ్చి విలువలు అంటగడితే చిరాకేస్తుంది. దండల పెళ్ళిళ్ళు చేసుకున్న పాతతరం వాళ్ళంటే నాకు గౌరవం. కానీ వాళ్ళు సభ పెట్టి, వందలమంది ముందు చేసుకున్నారు. వాళ్ళది బహిరంగం. మాది దొంగచాటు. ఈ తేడా మా స్నేహితులకి అర్థం కావడం లేదు.

చట్టం కూడా బోసిగా చేసుకోమని చెప్పలేదు. ఆ మాటలు అంటే చాలు, మిగతా వేడుక మీకు నచ్చిన పద్ధతిలో చేసుకోండని ఆ చట్టంలోనే ఉంది. అదనపు ఫీజు కడితే అధికారే దగ్గర్లో మీరు చెప్పిన చోటికి వస్తాడు. డోలు సన్నాయి పెట్టుకోవచ్చు, డీజే పెట్టుకోవచ్చు. మాకు లేనిది అనుమతి కాదు, పిలిస్తే వచ్చే మనుషులు.

బహిరంగంగా సంతోషపడడం ఎంత పెద్ద విషయమో తెలియాలంటే మిర్యాలగూడ గుర్తు తెచ్చుకోండి. 2018 జనవరిలో ప్రణయ్ పెళ్ళి హైదరాబాదులో, ఆర్యసమాజంలో జరిగింది. ఆగస్టులో సొంత ఊళ్ళో అందరినీ పిలిచి రిసెప్షన్ చేసుకున్నారు. ఆ వీడియో మీలో చాలామంది చూసే ఉంటారు. సెప్టెంబరు 14న ఆసుపత్రి బయట అతన్ని నరికి చంపారు. ఎందుకు చంపారో కోర్టు రాసింది, నేను కొత్తగా రాసేదేం లేదు. నాకు ఆ వీడియో మాత్రం వదలదు. ఆ వెలుగు, ఆ ధీమా, మేం ఇక్కడే ఉన్నాం చూడండి అన్నట్టున్న ఆ నడక. మరుసటి ఏడాది నోటీసు ఇచ్చేముందు ఆ వీడియో మేం ఎన్నిసార్లు చూశామో లెక్కలేదు. పెళ్ళి తర్వాత పెళ్ళి వేడుక అంటే షోకు అనేవాళ్ళు, ఎవరికి అది షోకో, ఎవరికి ప్రాణం మీదికొచ్చే పనో చూసి మాట్లాడాలి.

అంబేడ్కర్ 1936లో రాసిన ‘కుల నిర్మూలన’లో, సహపంక్తి భోజనాలతో కులం పోదు, దానికి మందు కులాంతర వివాహమేనన్నాడు. మా విషయంలో లెక్క తిరగబడింది. వివాహం అయింది, భోజనం అవ్వలేదు. ఆరేళ్ళలో నాన్న మా ఫ్లాటుకి మూడుసార్లు వచ్చాడు. 2023లో స్టెంట్లు వేసినప్పుడు అల్లుడే ఆసుపత్రిలో రాత్రుళ్ళు కూర్చున్నాడు, ఆయన “బాబూ” అని పిలిచాడు, అదంతా నిజం. కానీ జనగామ దగ్గర ఆ ఊళ్ళో, మా అత్తమ్మ ఇంట్లో, మా వాళ్ళెవరూ ఇప్పటివరకు మంచినీళ్ళు కూడా తాగలేదు. నాన్న చేసిన ప్లానులో ఆ ఊరు లేనే లేదు. వాళ్ళని బస్సులో తెనాలి తెప్పిస్తారట. హాల్లో కేటరింగు. వడ్డించేవాడు ఎవరో, వండేవాడు ఎవరో ఎవరికీ తెలియని భోజనం. అందరూ ఒకే బఫే. ఎవరి చేతి అన్నం ఎవరూ తినక్కర్లేదు.

ఇన్నాళ్ళుగా ఈ గొడవలో ఎవరూ ఒక్కమాట అడగని మనిషి మా అత్తమ్మ. నేనూ అడగలేదు, సిగ్గుపడుతున్నాను. మొన్న ఆదివారం వెళ్ళి అడిగాను. ఫంక్షన్ హాలు సంగతి విని తలూపింది. నాన్న మనసు కష్టపెట్టొద్దంది. చాలాసేపటికి, బియ్యంలో మెరికలు ఏరుతూ, “మీ అమ్మ, నాయిన మా ఇంట్ల ఒక్కపూట అన్నం తింటే సాలు బిడ్డా. ఇంకేం పెండ్లి జేస్తరు, పెండ్లి ఎప్పుడో అయిపాయె” అంది.

ఆ రాత్రి తిరిగొచ్చి నాన్నకి వేరే కార్డు రాసి పంపాను. ఫలానావారి అమ్మాయి, ఫలానావారి అబ్బాయి (రెండు ఇంటిపేర్లూ, రెండు ఊళ్ళూ సమానమైన అక్షరాల్లో) 2019 నవంబరులో వివాహం చేసుకున్నారు. వారి కుమార్తె చిరంజీవి ఫలానా మిమ్మల్ని భోజనానికి పిలుస్తోంది. మొదటి భోజనం జనగామ దగ్గర ఊళ్ళో, మా అత్తమ్మ ఇంటి ముందు పందిట్లో, ఆవిడ, ఆవిడ అక్కచెల్లెళ్ళు వండింది. రెండోది తెనాలిలో, హాల్లోనే కానివ్వండి. ముహూర్తం లేదు, పీటలు లేవు. పాప ఎక్కడికీ వెళ్ళదు. తాళి సంగతి అమ్మ మరీ మరీ అడిగితే, పాప చేతికిచ్చి కట్టించుకుంటానని రాశాను. అది కొంచెం వెటకారమే, తర్వాత తీసేద్దామనుకున్నాను గానీ అప్పటికే రెండు నీలం టిక్కులు పడ్డాయి. జిరాక్స్ షాపాయన నంబరు పాత ఫోన్లో దొరికింది. ఫోన్ చేస్తే గుర్తుపట్టలేదు. “బజ్జీలు” అనగానే గుర్తుపట్టాడు. తప్పకుండా వస్తానన్నాడు, భార్యతో.

నాన్న నుంచి ఇంకా ఉలుకూ పలుకూ లేదు. హాలు అడ్వాన్సు వెనక్కి రాదని తమ్ముడు మెసేజ్ పెట్టాడు. అమ్మ మాత్రం నిన్న మధ్యాహ్నం నాన్న నిద్రపోతున్నప్పుడు ఫోన్ చేసింది. ఏవేవో మాట్లాడి, పెట్టేసే ముందు అడిగింది. “మీ అత్తగారి ఊరికి బస్సు లోపలిదాకా పోతుందా? మోకాళ్ళ నెప్పులు కదా, నడవలేను.”